కవాయనన్ వారి వాటా

కవాయనన్,
జూన్ మొదటి వారం

ప్రాంతీయ రవాణా ఆఫీసులో ఉత్తరాలు చదివే పెద్దమనిషికి, మీరెవరైనా సరే, ముందు నా దీవెనలు అందుకోండి.

నా పేరు సొకోర్రో మాగ్‌తిబాయ్. ఆ పేరుతో వెతికితే నేను దొరకను. ఊళ్ళో నాకు మనవలు కానివాళ్ళు లేరు కాబట్టి అందరికీ లోలా కొరింగ్‌నే, అంటే కొరింగ్ అవ్వనే.

మాంగ్ ఇంగ్గో జీప్నీ చచ్చిపోయింది. చర్చి ఎదురుగానే పోయింది కాబట్టి ఫాదరు బయటికొచ్చి దాని మీద పవిత్రజలం కూడా చల్లాడు. లేవలేదు. ఈ దారిలో ఉన్న మా ఐదు ఊళ్ళకీ పట్నం వెళ్ళడానికి ఉన్న బండి అదొక్కటే. మా కవాయనన్ దారికి ఆఖర్న ఉంది, మా తర్వాత ఇక కొబ్బరి తోటలే.

పట్నం బజార్లో నాకు బిబింగ్కా రొట్టెల కొట్టు ఉంది. మా అమ్మ పెట్టింది. కొట్టు మూతపడి ఉందని బజారు సూపర్వైజరు కబురు పెట్టాడు. వచ్చే నెలాఖర్లో సాంతియాగో పండగ పొద్దుటికి పొయ్యి వెలగకపోతే ఆ జాగా ఒక చెప్పుల షాపువాడికి ఇచ్చేస్తాడట. వాణ్ణి నేను చూడలేదు. లావుగా ఉంటాడనీ, బూట్లు అద్దంలా మెరుస్తాయనీ చెప్పారు. ఆ బూట్లతో మా అమ్మ పొయ్యి ఉన్న చోట నిలబడతాడని తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు.

కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను నాయనా. అలవాటు కొద్దీ తెల్లారకముందే లేచి పిండి రుబ్బేస్తాను. రుబ్బాక గుర్తొస్తుంది, వెళ్ళే దారి లేదని. కాల్చినవన్నీ ఊళ్ళోనే పంచుతున్నాను. ఊరు లావెక్కుతోంది, నేను చిక్కిపోతున్నాను. మాకో బస్సు వేయించు.

ఇట్లు
లోలా కొరింగ్

తా.క. పెద్ద బస్సు లేకపోతే చిన్నదైనా సర్దుకుంటాం. ఊరు లావెక్కుతోందని పైన రాశాను, అది మాత్రం చూసుకో.


ప్రాంతీయ రవాణా ఆఫీసు,
జూన్ రెండో వారం

శ్రీమతి సొకోర్రో మాగ్‌తిబాయ్ గారికి,

మీ ఉత్తరం అందినది. ప్రాంతీయ బస్సు పథకం కింద పైనుంచి వచ్చే సొమ్ము ఖర్చులో సగానికే సరిపోవును. మిగతా సగం ఆ దారిలోని ఊళ్ళు స్థానిక వాటాగా పెట్టుకొనవలెను. వాటాను నగదుగా గానీ, సామగ్రిగా గానీ, శ్రమగా గానీ ఇవ్వవచ్చును. మీ దారిలో ఐదు ఊళ్ళున్నవి. ఐదూ వాటా ఇచ్చినచో బస్సు వేయబడును. ఒక్క ఊరు ఇవ్వకున్నా వేయబడదు.

సాధారణంగా ఊళ్ళు బస్సు షెడ్డు కట్టించి, ఫొటో తీయించి, వాటాకు రుజువుగా పంపుచున్నవి.

భవదీయుడు
ఇంజినీరు అర్నుల్ఫో పనలిగన్

తా.క. పవిత్రజలం చల్లిన వాహనాల మరమ్మతు మా పరిధిలోనికి రాదు.


కవాయనన్,
జూన్ చివర

ఇంజినీరు నాయనకి, లోలా కొరింగ్ దీవించి రాసేది.

వాటా అన్నావు, పంపుతున్నాను. ఎప్పుడొస్తుందో దానికే తెలియని కొబ్బరి లారీ ఇవాళ వచ్చింది, దాని డ్రైవరు చేతికిచ్చాను. బుట్టలో బిబింగ్కాలు నావి. కోడిపెట్ట మాంగ్ ఇంగ్గో భార్యది. జాగ్రత్త, అది పొడుస్తుంది. మిగతా వాటా కొబ్బరికాయలు. అవి లారీలో ముందునుంచే ఉన్నవాటితో కలిసిపోయాయి, డ్రైవరుతో మాట్లాడి విడదీసుకో.

షెడ్డు సంగతి. మా ఊరి పెద్ద, కపితాన్ బెర్తింగ్ దగ్గరికి వెళ్ళి, ఊరికి ఏటా వచ్చే రోడ్డు సొమ్ము ఏమైందయ్యా అని అడిగాను. ఆయన వేలు పెట్టి ఊరి మొదట్లోకి చూపించాడు. అక్కడ సిమెంటు తోరణం ఉంది. ఇటునుంచి చూస్తే 'స్వాగతం, మీ కపితాన్ బెర్తింగ్'. అటునుంచి చూస్తే 'మళ్ళీ రండి, మీ కపితాన్ బెర్తింగ్'. ఎలా రావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. మిగతా నాలుగు ఊళ్ళ కపితాన్‌లూ దీన్ని చూసి కుళ్ళుకుని తలా ఒక తోరణం కట్టించుకున్నారు. ఐదు ఊళ్ళకీ ఐదు స్వాగతాలున్నాయి, వచ్చేవాళ్ళే లేరు.

కపితాన్‌తో పోట్లాడే ఓపిక ఉంది గానీ టైము లేదు. అందుకని మేమే కట్టాం. మగాళ్ళు వెదుళ్ళు నరికారు, ఆడాళ్ళం నీపా ఆకు అల్లి కప్పు వేశాం, కూర్చోడానికి వెదురు బల్ల పెట్టాం. కాస్త ఎడమకి ఒరిగింది, మాంగ్ ఇంగ్గో కట్టిన స్తంభం అటువైపు ఉంది. పొద్దున్నుంచీ అందులోనే కూర్చుంటున్నాను. రాని బస్సు కోసం కూర్చోవడమైనా ఇంట్లో గిరగిరా తిరగడం కంటే నయం. ఫొటో జతపరిచాను. కింద పడుకున్నది మా బంతాయ్, కాపలా కుక్క.

బస్సు ఎప్పుడు?

లోలా కొరింగ్

తా.క. కోడిని ఆఫీసులో వదలొద్దు. ఒకసారి కూర్చున్న చోటే దాని ఇల్లనుకుంటుంది.


ప్రాంతీయ రవాణా ఆఫీసు,
జూలై మొదట్లో

శ్రీమతి మాగ్‌తిబాయ్ గారికి,

తినుబండారాలను, పక్షులను స్థానిక వాటాగా స్వీకరించు వీలు లేదు. బిబింగ్కాలను తిరిగి పంపుదుమని నిర్ణయించితిమి గానీ, పంపుటకు వాహనం దొరుకులోపల అవి పాడగునని భయపడి, ఆఫీసు సిబ్బంది వాటిని బాధ్యతగా నిర్మూలించిరి. మా డైరెక్టరు గారు రెండు నిర్మూలించిరి.

మీ ఊరి షెడ్డు ఫొటో ఫైలులో చేర్చబడినది. అయితే ఇది ఒక ఊరి వాటా మాత్రమే. మిగతా నాలుగు ఊళ్ళ షెడ్ల ఫొటోలు పదో తారీఖులోగా అందనిచో, ఈ సంవత్సరపు సొమ్ము వేరొక దారికి మళ్ళింపబడును.

భవదీయుడు
ఇంజినీరు పనలిగన్

తా.క. కోడి నా బల్ల కింది అరలో గుడ్డు పెట్టినది. స్థానిక వాటా పెరిగినట్లా, వడ్డీ వచ్చినట్లా అని అకౌంట్ల విభాగంలో వాదన నడుచుచున్నది.


కవాయనన్,
జూలై ఎనిమిది

ఇంజినీరు నాయనకి,

నాలుగు ఊళ్ళ ఫొటోలు నాలుగూ ఇందులో ఉన్నాయి. వెనకాల ఏ ఊరో రాసి ఉంది. ముందు ఆ ఊరి తోరణం కనపడుతుంది కాబట్టి అనుమానం అక్కర్లేదు. పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడు ఒక్కరోజులో అన్నీ తీశాడు.

ఇన్ని షెడ్లు ఇంత తొందరగా ఎలా లేచాయని అడక్కు. లేచాయి. లేవడం మాత్రం నిజం, ఆ మాట మీద నేను ఫాదరు ముందైనా నిలబడతాను. మా మగాళ్ళ భుజాలు కమిలిపోయాయి, కొబ్బరినూనె కాచి రాస్తున్నాను.

పండగ దగ్గర పడుతోంది. నిన్న ఆగలేక నడిచే పోదామని బయల్దేరాను. మూడో ఊరు దాటేసరికి మోకాళ్ళు మొండికేశాయి. ఎవరిదో గేదెబండి ఎక్కించి ఇంటికి చేర్చారు. అప్పట్నుంచి పైనా కిందా నిప్పులేసిన బిబింగ్కాలా ఉంది నా బతుకు. త్వరగా తేల్చు.

లోలా కొరింగ్

తా.క. గుడ్డు పొదగడానికి ఉంచు. పిల్లలైతే సగం మావి.


ప్రాంతీయ రవాణా ఆఫీసు,
జూలై పన్నెండు

గౌరవనీయులైన లోలా కొరింగ్ గారికి,

ఐదు షెడ్ల ఫొటోలు చూచి మా డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడిరి. ఈ ప్రాంతంలో రెండు ఊళ్ళు ఒక మాట మీదకు రావడమే అరుదు. అట్టిది ఐదు ఊళ్ళు ఒకే కొలతలతో, ఒకే ఆకుతో, ఒకే బల్లతో షెడ్లు కట్టుట, పైగా ఐదూ ఎడమవైపునకే ఒరుగుట ఎంత ఐకమత్యమో అని వారు పొంగిపోవుచున్నారు. ఈ నమూనాను అన్ని ఊళ్ళకూ తప్పనిసరి చేయుదమనీ, ఐదు షెడ్లకు ఒకే రోజు, ఒకే గంటకు, ఐదుగురు పెద్దలచేత రిబ్బను కత్తిరింపజేయుదమనీ అనుచున్నారు.

అంతకుముందు నియమం ప్రకారం ఒక పరీక్షాధికారి వచ్చి ప్రతి షెడ్డును స్వయంగా చూచును. ఎవరు వచ్చునదీ, ఏ రోజు వచ్చునదీ ముందుగా తెలుపరాదు. వచ్చే వారం లోపల అని మాత్రం చెప్పగలను.

భవదీయుడు
ఇంజినీరు పనలిగన్

తా.క. ఐదు ఫొటోలలోనూ షెడ్డు కింద కుక్క ఉన్నది. ఐదింటికీ కుడిచెవి మడతపడి ఉన్నది. షెడ్డు నమూనాలో కుక్క కూడా భాగమా అని డైరెక్టరు గారు అడుగుచున్నారు.


కవాయనన్,
జూలై పద్దెనిమిది

ఓ ఇంజినీరూ,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

మీ పరీక్షాధికారి ఏడి? వారం నుంచి ఐదు ఊళ్ళ వాళ్ళం అన్నాలు సరిగ్గా తినలేదు. దారి మొదట్లో ఉన్న ఊళ్ళో గంటల స్తంభం మీద ఒకణ్ణి కూర్చోబెట్టాం, సర్కారు జీపు కనపడగానే గంట కొట్టమని, అది విని ఊరూరా గంట అందుకోమని. జీపు వస్తే ఆ ఊళ్ళో షెడ్డు చూపించి, అధికారికి గంజి పోసి, పాటలు పాడి, వేడివేడిగా ఇంకో గిన్నె పోసి, ఆయన తినేలోపు పక్క ఊరికి...

సరే. రాస్తూ రాస్తూ చెయ్యి జారింది, ఇంక దాచను. ఒళ్ళు మండిపోయి ఉన్నాను, అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. షెడ్డు ఒక్కటే. ఐదు ఊళ్ళకీ అదే. మా తాతల నాటి నుంచి ఇల్లు మారాలంటే ఇంటినే వెదుళ్ళ మీదకెత్తి భుజాన వేసుకుపోవడం మాకు అలవాటు. ఇంటినే మోసేవాళ్ళకి షెడ్డు ఒక లెక్కా? ఫొటోల రోజు అలాగే మోశాం. ప్రతి ఊరి తోరణం దగ్గరా కప్పు తగలకుండా అందరూ వంగాల్సి వచ్చింది. కపితాన్‌ల పేర్ల కింద ఓటు వేసేటప్పుడు కూడా ఇంతగా వంగలేదు.

నిన్న జరిగింది విను. వానగా ఉంది. ఈ వానలో ఎవరొస్తారులే అని షెడ్డు మా ఊళ్ళోనే ఉంచాం, నేను అందులో కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి దూరంగా గంట. ఇంకేముంది, బల్ల మీంచి నన్ను దింపి, నడకకి తాళం వెయ్యడానికి గిటారువాణ్ణి ముందు నిలబెట్టి, మగాళ్ళు వెదుళ్ళ కింద దూరారు. ఎడమవైపు వెనక మూలకి ఒక మనిషి తక్కువ. చూస్తే, కొబ్బరి లారీ పక్కన వానలో ఒక లావుపాటాయన నిలబడి ఉన్నాడు. బురదలో కూడా మెరుస్తున్నాయి బూట్లు.

నాకు వెంటనే తెలిసిపోయింది. చెప్పుల షాపువాడు. ముసల్ది చచ్చిందా ఉందా చూసి పోదామని వచ్చినట్టున్నాడు. ఏదో చెప్పబోయాడు. నోరు మూసుకుని భుజం ఇవ్వమన్నాను. దారిన పోయేవాడు భుజం ఇవ్వకపోతే మా దగ్గర మర్యాద కాదు, కాబట్టి ఇచ్చాడు. వెదురు కణుపు గుచ్చుకునే చోటు చూసి మరీ నిలబెట్టించాను. ఊరు ఊరికీ సరిహద్దులో కొత్త మగాళ్ళు వచ్చి పాతవాళ్ళని దింపారు. ఆయన్ని మాత్రం దింపొద్దని నేను ముందే కబురంపాను.

గంట మోగిన మొదటి ఊరు చేరేసరికి అక్కడున్నది పందులకు సూదులు వేసే డాక్టరు జీపు. గంట కొట్టినవాణ్ణి ఏం చెయ్యాలో పందులు చూసుకుంటాయి. మోసినవాళ్ళకి గంజి పోయాలి కదా, పోశారు. ఆయనకి అడుగున మాడింది పొయ్యమని దానికీ కబురంపాను. తిని, దణ్ణం పెట్టి, వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడట. బూట్లు మా ఊరి బురదలోనే ఉండిపోయాయి.

ఇదీ కథ. మీ అధికారి రాలేదు. పండగ వారంలో ఉంది. మా అమ్మ చనిపోయే ముందు రోజు కూడా ఆ పొయ్యి ఆరనివ్వలేదు. నేను బతికుండగా ఆర్పేశాను. షెడ్డు ఒక్కటే అని నేనే చెప్పేశాను కాబట్టి బస్సు రాదని నాకు తెలుసు. అయినా పిండి రుబ్బడం మానలేకపోతున్నాను. ఇది మాత్రం కోపంతో రాయడం లేదు నాయనా.

లోలా కొరింగ్

తా.క. ఆ బూట్లు కడిగి పంపుతున్నాను. చెప్పుల షాపు ఎక్కడో కనుక్కుని వాడి మొహాన పడెయ్యి. కడగడం మర్యాద కోసం, పడెయ్యడం నా కోసం.


పట్నం,
జూలై ఇరవై

లోలా,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. కుడిచేత్తోనే రాస్తున్నాను గాని, ఎడమ భుజం వాచి ఉండటంవల్ల కాగితం కదలకుండా మా ఆవిడ పట్టుకుంది. ఆవిడ నవ్వినప్పుడల్లా అక్షరాలు వంకర పోతున్నాయి.

బూట్లు అందాయి. నా కాళ్ళకి సరిపోయాయి. సరిపోకేం, నావేగా.

మా ఆఫీసు జీపు గేటు దాటకముందే ఆగిపోయింది. రవాణా ఆఫీసుకు రవాణా లేదని ఎవరికి చెప్పుకోను? కొబ్బరి లారీ ఎక్కాను. కాయల మీద కునుకు పట్టింది. మొదటి ఊళ్ళో దింపమంటే డ్రైవరు మరిచిపోయి, దారి ఆఖర్న మీ ఊళ్ళో దింపాడు. 'నేను ఇంజినీరు పనలిగన్‌ని' అని చెప్పడానికి మొత్తం మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి మీరు మూసుకోమన్నారు. రెండోసారి గిటారువాడు తాళం తప్పుతోందన్నాడు. మూడోసారి తోరణం వచ్చింది, వంగాను. వంగాక మాట రాలేదు. అందరి భుజాలూ మారుతుంటే నాది ఎందుకు మారడం లేదా అని దారి పొడుగునా ఆలోచించాను. మీ ఉత్తరం చదివాక తెలిసింది. మాడు గంజి సంగతి కూడా.

షెడ్డు ఒక్కటే అని నాకు కుక్క చెవి చూసినప్పుడే తెలుసు. పథకం రద్దు చెయ్యడానికే వచ్చాను లోలా, నిజం చెప్తున్నాను. రద్దు కాగితం జేబులో ఉంది. వానకి తడిసింది, తర్వాత వెదురు కింద నలిగింది. గంట మోగిన ఊళ్ళో గంజి తాగుతూ తీసి చూస్తే ముద్దయిపోయి ఉంది. నీళ్ళు పిండేసి నేల మీద పెట్టాను. షెడ్డు వెంటే వచ్చిన బంతాయ్ వాసన చూసి వదిలేసింది.

నిన్న డైరెక్టరు గారి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. షెడ్డు ఒకటే అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. అప్పుడు నియమం తీసి చూపించాను. వాటా నగదుగా గానీ, సామగ్రిగా గానీ, శ్రమగా గానీ ఇవ్వొచ్చని ఉంది. షెడ్డు కట్టితీరాలని ఎక్కడా లేదు, అది ఊళ్ళకి అలవాటయిపోయింది, అంతే. ఐదు ఊళ్ళ మగాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు ఆ బరువు కింద దూరడం నేను చూశాను. పక్కనే ఉండి చూశాను. ఇంత దగ్గరగా చూసిన పరీక్షాధికారి మా ఆఫీసు పుట్టిన దగ్గర్నుంచీ లేడు. రిపోర్టులో ఒక్క ముక్క రాశాను: షెడ్డు ఒకటి, వాటాలు ఐదు. డైరెక్టరు గారు రుజువేదన్నారు. చొక్కా విప్పి భుజం చూపించాను.

సంతకం పెట్టారు.

పండగ ముందు రోజు తెల్లవారుజామున మొదటి బస్సు మీ ఊరు వస్తుంది. మీరూ మీ పిండీ ఎక్కండి. పండగ పొద్దున మీ అమ్మగారి పొయ్యి వెలిగేసరికి నేనూ మా ఆవిడా కొట్టు ముందు ఉంటాం. బజారు సూపర్వైజరుతో మాట్లాడాను. చెప్పుల షాపాయనతో కూడా మాట్లాడాను. ఆయన సన్నగా, రబ్బరు చెప్పులతో ఉన్నాడు, మీకు ఎవరో తప్పు చెప్పారు.

మీ మనవడు
అర్నుల్ఫో

తా.క. కోడి ఇంకా గుడ్లు పెట్టి పొదుగుతోంది. పిల్లలు లేవగానే సగం మీవి, బస్సులో పంపుతాను.

మరో మాట. తోరణాలన్నిటి కింద వంగి నడిచాను కాబట్టి వాటి ఎత్తు నా నడుముకి బాగా తెలుసు. బస్సు పట్టదు. పై దూలాలు కొట్టెయ్యమని ఐదుగురు కపితాన్‌లకీ ఉత్తర్వు వెళ్ళింది. వాళ్ళు ఒప్పుకున్నారు గాని, తమ పేరు షెడ్డు మీద రాయించాలని ఐదుగురూ పట్టుబడుతున్నారు. షెడ్డు ఏ ఊళ్ళో ఉంటే ఆ రోజు ఆ కపితాన్ పేరు తగిలించండి.

ఇంకో మాట. మొదటి బస్సులో డ్రైవరు పక్కన నేనే ఉంటాను. బస్సు షెడ్డు దగ్గర ఆగాలి కదా, ఆ పూట షెడ్డు ఎక్కడుంటుందో ముందే కబురు పెట్టండి.